రేడియో నాటకం వేస్తున్నారా? ముందు ఊరికి తెలియనివ్వండి

మొదటిసారి మేం చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. మా బృందం నాటకం రేడియోలో వస్తోందని ఒడిశాలోని మా బరంపురంలో పోస్టర్లు అంటించాం. రంగుల్లో నటీనటుల ఫొటోలు, మధ్యలో పెద్ద అక్షరాలతో నాటకం పేరు, కింద "ఆదివారం మధ్యాహ్నం 3 గంటలకు, అందరూ ఆహ్వానితులే" అని. ఆ ఆదివారం రెండున్నరకే ఓ పదిమంది పెద్దవాళ్లు రామమందిరం దగ్గరికి వచ్చి "స్టేజీ ఎక్కడ కట్టారు బాబూ?" అని అడిగారు. వాళ్ల తప్పేమీ లేదు. "రేడియోలో" అన్న మాట పోస్టరు మూలన చీమంత ఉంది మరి.

స్టేజీ నాటకానికి హాలు పేరు చెబితే చాలు, జనం వెతుక్కుంటూ వస్తారు, ఆలస్యంగా వచ్చినా వెనక నిలబడి చూస్తారు. రేడియో నాటకం అలా కాదు. ఫలానా రోజు ఫలానా గంటకి మనిషి తన ఇంట్లోనే చేతిలో పని ఆపి వినాలి, పది నిమిషాలు దాటితే కథ అందదు. అందుకని పోస్టరులో అన్నిటికన్నా పెద్దగా ఉండాల్సింది టైము. దాని పక్కనే తేదీ, వారం రెండూ (ఉత్త "ఆదివారం" అని వేస్తే వచ్చే ఆదివారం కూడా రేడియో పెట్టి కూర్చునేవాళ్లుంటారు), ఆ తర్వాత ఏ కేంద్రం, ఎలా వినాలి. నాటకం పేరు వీటి కింద. ఫొటోలు అక్కర్లేదు, వినేవాడికి ఫొటోతో పనేంటి?

"ఎలా వినాలి" అన్నదే మన వైపు అసలు చిక్కు. విశాఖపట్నం కేంద్రం అనగానే పాతవాళ్లకి "323.6 మీటర్లు, అనగా 927 కిలోహెర్ట్జ్" అని అనౌన్సరు గొంతు గుర్తొస్తుంది. పిల్లలకి మీడియం వేవ్ అంటేనే తెలీదు, పైగా ఇంత దూరంలో పగటిపూట గరగర ఎక్కువ. వాళ్ల కోసం ఆకాశవాణి వాళ్ల న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ పేరు రాసి, పక్కన క్యూఆర్ కోడ్ వేసి, "యాప్‌లో విశాఖపట్నం ఎంచుకోండి" అని ఒక్క ముక్క చేర్చండి. పోస్టర్లు ప్రెస్సుకి పంపేముందు ఆ కోడ్‌ని మీ ఫోనుతో ఒకసారి, ఇంకెవరిదైనా పాత ఫోనుతో ఒకసారి స్కాన్ చేసి చూడండి.

ఇక లిపి సంగతి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి గంజాం ఇటు వచ్చినప్పటి నుంచి మనకి తెలుగు ఇంట్లో మాట, ఒడియా బడిలో రాత అయింది. బరంపురంలో, పర్లాకిమిడిలో, రాయగడలో తెలుగు చక్కగా మాట్లాడి తెలుగు బోర్డు చదవలేని కుర్రాళ్లు బోలెడుమంది. కాబట్టి తెలుగు మాటల్నే ఒడియా లిపిలో కూడా వేయించండి. అయితే ఒక గమ్మత్తు ఉంది. ఒడియా రాతలో ఎ, ఏ అని రెండు లేవు, ఒ, ఓ అని రెండు లేవు. మా నాటకం పేరులో "మేడ" అన్న మాట ఉంటే, మా మేనకోడలు దాన్ని "మెడ" అని చదివి ఎవరి మెడ కోశారని అడిగింది! పేరు పెట్టేటప్పుడే ఇది చూసుకుంటే మంచిది, లేదంటే పేరు మాత్రం రెండు లిపుల్లోనూ వేసి మిగతాది ఒడియాలో వదిలేయండి.

పేపర్లకి వస్తే, డబ్బు కట్టి ప్రకటన వేయించడం చిన్న బృందాలకి దండగ అని నా అభిప్రాయం. పేపరు వాళ్లు కాలమ్ సెంటీమీటర్ల లెక్కన తీసుకుంటారు, రెండు కాలమ్‌ల వెడల్పు, 8 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న చిన్న డబ్బా కూడా 16 కాలమ్ సెంటీమీటర్లు, రంగు కావాలంటే రేటు ఇంకా పెరుగుతుంది. దాని బదులు మూడు రోజుల ముందు విలేకరికి ప్రెస్ నోట్ ఇవ్వండి. "నాటకం ప్రసారం" అని కాకుండా "మన ఊరి టైలరు రేడియోలో జమీందారు" అని ఇస్తే వార్తగా వేస్తారు. ఒడియా పేపర్లకీ ఇవ్వండి, మనవాళ్లు ఇంట్లో తెప్పించుకునేవి ఎక్కువగా అవే.

పేపర్లకీ రేడియోకీ ఈ పేచీ ఇవాళ్టిది కాదులెండి. లండన్‌లో బీబీసీ కార్యక్రమాల పట్టిక వేయడానికి డబ్బు కట్టాలని 1923లో పేపర్ల యజమానులు పట్టుబడితే, బీబీసీ ఆ ఏడు సెప్టెంబరులోనే రేడియో టైమ్స్ అని సొంత పత్రిక పెట్టేసుకుంది. మనకీ ఆకాశవాణి తెలుగులో "వాణి" అనే పక్షపత్రిక నడిపేది, నాటకం ఏ రోజో, ఎవరు రాశారో అందులో ముందే ఉండేది. ఇప్పుడది లేదు గనక ఆ పని మన నెత్తిన పడింది.

కరపత్రం పోస్టుకార్డు సైజులో వేయిస్తే క్యాలెండరు మేకుకి తగిలించుకుంటారు, పెద్దదైతే పకోడీల పొట్లం అవుతుంది. పేపర్ల మధ్య పెట్టించాలంటే ముందురోజు సాయంత్రమే ఏజెంటుకి అందించండి, తెల్లవారుజామున వెళ్తే పని అవ్వదు. ఇచ్ఛాపురం బస్సులు ఆగేచోట, పట్టుచీరల కొట్లలో, టీ బడ్డీల దగ్గర కొన్ని ఉంచండి.

ఆటో మైకు ఇప్పటికీ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, చెవికి సంబంధించిన సరుకుని చెవికే చెప్పడం కదా. మైకుకి అనుమతి తీసుకోండి, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఎలాగూ కుదరదు. బరంపురం అమ్మవారు బుఢీ ఠాకురాణి జాతర రోజుల్లో మాత్రం డబ్బు పెట్టకండి, ఆ డప్పుల్లో మీ ఆటోని పట్టించుకునేవాడు ఉండడు, రేడియో ముందు కూర్చునేవాడు అసలే ఉండడు.

అన్నిటికన్నా ఎక్కువ శ్రమ పెట్టాల్సింది వాట్సాప్‌లో తిప్పే 30 సెకన్ల ప్రోమో మీద. నింపాదిగా చదివితే యాభై మాటలకి మించి పట్టవు, కథంతా కుక్కాలని చూడకండి. ముందు ఒక చప్పుడు, అంటే తలుపు గడియో, వానో, గిన్నె పడ్డమో. వెంటనే నాటకంలోంచి ఒక డైలాగు, అదీ సగంలో ఆగిపోవాలి. తర్వాత రోజు, టైము, కేంద్రం, చివర్లో టైము మళ్లీ. సినిమా పాట వెనకాల పెట్టకండి, హక్కుల గొడవ ఒకటి, నాటకం కన్నా పాటే గుర్తుండిపోతుంది అనేది ఇంకొకటి.

తేదీ ఖాయమని రేడియో వాళ్ల నుంచి కాగితం మీద వచ్చేదాకా ఏదీ అచ్చుకి ఇవ్వకండి. క్రికెట్ కామెంటరీ వచ్చినా, పెద్ద నాయకులెవరైనా పోయినా కార్యక్రమాలు మారిపోతాయి, అప్పుడు అంటించిన పోస్టర్లన్నీ అబద్ధం చెబుతుంటాయి. అలాంటప్పుడు కొత్త తేదీని చిన్న చీటీ మీద కొట్టించి పాతదాని మీద అంటించడమే, టెన్షన్ పడొద్దు. ప్రసారం రోజు పావుగంట ముందు ప్రోమో ఇంకోసారి పంపి, మీ వీధిలో ముసలివాళ్లకి మీరే వెళ్లి స్టేషను పెట్టి రండి.