ఆఫీసుకు ముందు అరగంట చెరువు కట్ట మీద

పిట్టలను చూడటానికి నల్లగొండలో ఉంటే పానగల్లు ఉదయసముద్రం, వేరే ఊరైతే ఇంటి నుంచి పది నిమిషాల్లో చేరే చెరువు ఏదైనా సరే. వారానికి రెండు రోజులు చాలు, కానీ చోటు మార్చొద్దు. ఆదివారానికి దాచుకుంటే పెళ్లో, చుట్టాలో అడ్డొచ్చి ఆగిపోతుంది. మంగళ, శుక్రవారాలు పెట్టుకోండి.

పొద్దు పొడిచేసరికి కట్ట మీదుండాలి. సూర్యుడు వీపు వెనక ఉండేలా కూర్చోండి. ఎదురుగా ఉంటే పిట్టలన్నీ నల్లటి నీడల్లాగే కనిపిస్తాయి. తెల్ల చొక్కా వద్దు. హవాయి చెప్పులు అసలే వద్దు, సర్కారు తుమ్మ ముల్లు చెప్పును చీల్చుకుని పాదంలో దిగుతుంది. గడ్డిలో పాములుంటాయి, బాట దాటొద్దు.

అసలు పని మొదటి పది నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా కూర్చోవడమే. మీరు రాగానే లేచిపోయిన కొంగలు అప్పటికి గానీ తిరిగి వాలవు. చాలామంది అయిదు నిమిషాలకే ఫోన్ తీసి, ఇక్కడేం లేదని లేచిపోతారు. లకుముకి పిట్టను చూడండి: పట్టిన చేపను వెంటనే మింగదు, కొమ్మకేసి కొట్టి, తల ముందు లోపలికి పోయేలా తిప్పుకుంటుంది. తీగ మీది పాలపిట్ట మట్టిరంగులో ముడుచుకుని ఉంటుంది. ఎగిరినప్పుడు దాని రెక్కల నీలం కనిపిస్తే ఆ రోజుకు అదే చాలు.

జేబు పుస్తకంలో తేదీ, నీళ్లు ఏ రాయి దాకా ఉన్నాయో, ఒక్క పిట్ట పేరు రాయండి. పూలు కూడా గమనించండి: మోదుగు ఫిబ్రవరి, మార్చిలో పూస్తుంది. తంగేడు బతుకమ్మ నాటికి. బైనాక్యులర్ కొనాలనుకుంటే 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు), అదీ రెండు నెలలు వెళ్లాకే.