ఎండాకాలంలో మిద్దె తోట, బొమ్మలు రెండూ నడవాలంటే

ముందుగా టైంటేబుల్‌ను ఎండకు వదిలేయండి. నల్లగొండ, పాలమూరు వైపు మేలో 43, 44 డిగ్రీలు మామూలే కాబట్టి పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర దాకా తోట, పది నుంచి నాలుగు దాకా బొమ్మలు వేయడం, పొద్దు గూకాక మళ్లీ నీళ్లు. చల్లగా ఉంది కదా అని పొద్దున్నే కాన్వాస్ ముందు కూర్చున్నారంటే ఆ రోజు మొక్కల పని ఇక జరగదు.

తోట తగ్గించుకోండి. టమాటా పూత ఈ ఎండకు రాలిపోతుంది, దాని కోసం తిప్పలు పడొద్దు; బెండ, గోరుచిక్కుడు, తోటకూర, గంగవాయిలి చాలు. కుండీలన్నీ దగ్గరికి జరిపి కింద ఇటుకలు పెట్టి, పైన గ్రీన్ నెట్ కట్టి, మట్టి మీద పల్లికాయ పొట్టు మందంగా పరవండి, పాలమూరులో దానికి కరువు లేదు. సాయంత్రం కూడా పైపులో మొదట వేడినీళ్లే వస్తాయి, వాటిని బకెట్లో పట్టి చల్లారాకే పోయండి. పెద్ద తొట్టిలో మట్టికుండను మెడ దాకా పాతి నీళ్లు నింపి మూత పెడితే నీళ్లు మెల్లగా ఊరి వేళ్లకు అందుతాయి, బొమ్మలో పడి ఒక పూట మరిచినా మొక్క తట్టుకుంటుంది.

బొమ్మలకు వాడేది అక్రిలిక్ రంగులైతే ఫ్యాన్ కింద పాలెట్ మీదే ఎండిపోతుంది. మూత ఉన్న డబ్బాలో తడిగుడ్డ, దాని మీద బటర్ పేపర్ పరిచి రంగులు అందులో పెట్టుకోండి. కూలర్ గదిలో వాటర్‌కలర్ నిదానంగా ఆరుతుంది, వాష్‌లు, అంటే నీళ్లు ఎక్కువ కలిపిన పలుచటి పూతలు, వేయడానికి అది మంచిదే, కానీ మిగతా కాగితాలు కవర్లో పెట్టకపోతే చెమ్మ పడతాయి. ఆయిల్ పెయింట్ వేసేవాళ్లకు ఒకటి గట్టిగా చెప్పాలి: అవిసె నూనె అంటిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతటవే వేడెక్కి నిప్పు అంటుకోవచ్చు, విడివిడిగా గాలికి ఆరేయండి. కుంచెలు కడిగిన నీళ్లు మాత్రం మొక్కలకు పోయొద్దు, కొన్ని రంగుల్లో కాడ్మియం, కోబాల్ట్ ఉంటాయి, మనం తినేది ఆ కూరలే.

గంగవాయిలి పసుపు పూలు పొద్దున కొన్ని గంటలే విచ్చుకుంటాయి, నాకు అవంటే ప్రాణం. నీళ్లు పోస్తూనే పెన్సిల్‌తో గీసుకోండి, రంగులు మధ్యాహ్నం వేయొచ్చు.

మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వచ్చాక తోటలో కొత్త పనేదీ పెట్టుకోకుండా పెద్ద కాన్వాస్ పట్టండి. జూన్ 8 దగ్గర మృగశిర వస్తుంది, వాన పడి మట్టి చల్లబడగానే బీర, సొర విత్తనాలు వేయాలి, అందుకని కాన్వాస్ ఆలోపే అయిపోయేలా చూసుకోండి.