మోటర్‌హోమ్‌ను చలికాలానికి పక్కన పెట్టే ముందు

బ్రిటన్‌లో మోటర్‌హోమ్ (లోపలే వండుకుని పడుకునే వీలున్న బండి) కదలకపోయినా ఇన్సూరెన్స్ మధ్యలో తెగకూడదు. తెగితే జరిమానా నోటీసు వస్తుంది. తప్పించుకునే దారి వాహనాల రిజిస్ట్రేషన్ చూసే డీవీఎల్‌ఏకు ‘సోర్న్’, అంటే బండిని రోడ్డెక్కించడం లేదన్న ప్రకటన, ఇవ్వడమే. ఇచ్చాక బండిని వీధిలో ఆపడానికి లేదు, ప్రైవేటు స్థలంలోనే ఉంచాలి.

• సోర్న్ ఇచ్చినా దొంగతనం, అగ్నిప్రమాదాల కవర్ ఉంచుకోండి. పాలసీలో ట్రాకర్ (బండి ఎక్కడుందో చూపే పరికరం) షరతు ఉంటే బ్యాటరీ మీద కన్నేయండి, 12.4 వోల్టులకు దిగిందంటే చార్జింగ్ పెట్టాల్సిందే. బ్యాటరీ పడుకుంటే ట్రాకరూ పడుకుంటుంది, క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

• ట్యాంకు, హీటరు నీళ్లు పూర్తిగా దించి కుళాయిలు తెరిచి వదిలేయండి.

• దగ్గర్లో బ్లూ టిట్ అనే చిన్న పక్షుల గూడుపెట్టె ఉందా? 25 మిల్లీమీటర్ల రంధ్రంలో పిల్లి దూరదు. కానీ బండి టాపు మీద ఎదురుగా కూర్చుని కాపు కాస్తే చాలు, పక్షులు గుడ్లు వదిలేసి పోవచ్చు. మార్చిలోపే బండిని దూరం జరపండి.

• వసంతంలో స్టార్ట్ చేసే ముందు చక్రాల పైభాగం, గ్రిల్ లోపల పక్షి గూళ్లున్నాయేమో టార్చితో చూడండి. గూడు వాడుకలో ఉంటే 1981 వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని పాడుచేయకూడదు. పిల్లలు ఎగిరేదాకా ప్రయాణం వాయిదా!