తాగుడు ముందా, తీరు ముందా: డాక్టరు దగ్గరికి వెళ్లేముందు రాసుకోవాల్సిన కాగితం

మా తమ్ముడిని ఒంగోలులో మానసిక వైద్యుడికి చూపించిన రోజు, "మంచోడే సార్, తాగితేనే ఇలా" అన్నాను. "తాగుడు మొదలవకముందు ఎలా ఉండేవాడమ్మా?" అని ఆయన అడిగితే నాకు నోరు పెగల్లేదు.

అందుకే ఇంట్లో తాగే మనిషిని డాక్టరుకు చూపించబోతుంటే, ఆ చెడు తీరు తాగుడుతో వచ్చిందా, అంతకుముందే ఉందా అని చెప్పగలిగేలా మీరు ముందే ఒక కాగితం రాసుకోండి. ఒకవైపు వయసు, పక్కన జరిగిన సంగతి. 15 ఏళ్లలోపువి మొదట రాయండి: బడి ఎగ్గొట్టడం, దొంగతనాలు, కొట్లాటలు, మూగజీవాల్ని హింసించడం. 12 ఏళ్లప్పుడు వాడు పక్కింటి కుక్కపిల్ల కాలు విరగ్గొట్టాడు. అది రాయొద్దని అమ్మ ఏడ్చింది. అయినా రాశాను. మొదటిసారి తాగింది 17 ఏళ్లకు, చీమకుర్తి క్వారీలో పనికి చేరాక.

ఎదుటివాళ్లను, నియమాలను లెక్కచేయకపోవడం, తప్పు చేసినా బాధపడకపోవడం ఒక మనిషి తీరుగానే ఉండిపోతే దాన్ని డాక్టర్లు యాంటీసోషల్ పర్సనాలిటీ డిజార్డర్ అంటారు. అలా అని తేల్చాలంటే మనిషికి 18 నిండాలి, ఆ లక్షణాల జాడ 15లోపే కనిపించి ఉండాలి. ఇది ఉన్నవాళ్లకు మందు, గంజాయి అలవాటయ్యే అవకాశం చాలా ఎక్కువ. ముందువెనకలు చూడని దూకుడు ఈ జబ్బులోనూ, తాగుడు అలవాటులోనూ ఉంటుంది. అయితే ఏ జబ్బూ లేని మనిషి చేత కూడా తాగుడు అబద్ధాలాడిస్తుంది, దొంగతనం చేయిస్తుంది. కాబట్టి తాగని రోజుల్లో ఎలా ఉన్నాడో తప్పకుండా రాయండి. మావాడు ఒక ఏడు అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టలేదు. ఆ మాలలో ఉండగానే అమ్మ గాజులు తాకట్టు పెట్టాడు. అడిగితే ముఖంలో కాస్త బాధ కూడా లేదు. డాక్టరు ఎక్కువసేపు అడిగింది దీని గురించే.

ఇవన్నీ రాశాం కదా అని జబ్బు పేరు మీరే పెట్టకండి, గొడవలో ఆ పేరుతో తిట్టకండి. ఈ తీరును మార్చే మాత్ర లేదు. తాగుడుకు మాత్రం వైద్యం ఉంది, ఇలాంటివాళ్లకూ పనిచేస్తుంది.

రోజూ బాగా తాగే మనిషిని గదిలో పెట్టి తాళం వేసి మాన్పించాలని చూడొద్దు. ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు మతి తప్పి ప్రాణం మీదికీ రావచ్చు. మాన్పించే మాత్రల్ని చెప్పకుండా పప్పులో కలపడం కూడా ప్రమాదమే. మీద చెయ్యి చేసుకుంటే 112కు ఫోన్ చేయండి. ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

రెండోసారి వెళ్లేరోజు బస్సులో అమ్మ తనంతట తానే నాకు తెలియని రెండు సంగతులు చెప్పింది. వాటినీ ఆ కాగితంలో కలిపాను.