గ్రాఫిక్స్ కార్డు ధర తగ్గేదాకా ఆగాలా, ఇప్పుడే కొనాలా? తేల్చుకునే పద్ధతి

2020 చివర్లో ఎన్విడియా కంపెనీ గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3080 కొందామని డబ్బు పక్కన పెట్టుకున్నాను. లాంచ్ ధర 699 డాలర్లు. ఆ ధరకు ఎక్కడా దొరకలేదు, తర్వాతి ఏడాది దొరికిన చోట రెట్టింపు చెప్పారు. పట్టుబట్టి 2022 వేసవి దాకా ఆగాను, అప్పటికి ధర లాంచ్ ధర దగ్గరికి దిగివచ్చింది. అలా ఆగడం నాకు కలిసొచ్చింది, నిజమే. కానీ అదే అనుభవాన్ని నమ్ముకుని ఇప్పుడు కూడా ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న వాళ్లను చూస్తే బాధగా ఉంటుంది, ఎందుకంటే అప్పుడు ధర పెరగడానికి కారణం వేరు, ఇప్పుడు వేరు. ఆ తేడా ఎలా కనిపెట్టాలో, కనిపెట్టాక ఏం చెయ్యాలో నాకు తెలిసినంత వరకు చెబుతాను.

ముందు అది ఏ రకం ధరో చూడండి

ధర రెండు రకాలుగా పెరుగుతుంది. సరుకు తక్కువై, కొనేవాళ్లు ఎక్కువై పెరిగేది ఒకటి. తయారీ ఖర్చే పెరగడం వల్లనో, కంపెనీ ఇక ఆ స్థాయిలోనే అమ్మాలని నిర్ణయించుకోవడం వల్లనో పెరిగేది రెండోది. మొదటిది ఏదో ఒకరోజు దిగుతుంది. రెండోది దిగదు, మహా అయితే తర్వాతి తరం కార్డు అదే డబ్బుకు కాస్త ఎక్కువ పని చేస్తుంది.

ఈ రెండింటినీ విడదీయడం పెద్ద కష్టం కాదు. మీకు కావలసిన మోడల్ లాంచ్ ధర ఎంతో చూడండి, ఇవాళ నాలుగైదు చోట్ల ఎంతకు అమ్ముతున్నారో చూడండి, మీరు కట్టే పన్నులు పక్కన పెట్టి రెండూ పోల్చండి (డాలర్లలో ప్రకటించే ధరలో అమ్మకపు పన్ను కలిసి ఉండదు, చాలామంది ఇక్కడే పొరబడతారు). తేడా ఐదు పది శాతం లోపే ఉంటే కొరత లేనట్టే, ఇక అదే దాని అసలు ధర అనుకోండి. తేడా పాతిక శాతం దాటితే అది కొరత ధర, తొందర లేకపోతే ఆగడమే మంచిది.

2021లో నడిచింది అచ్చంగా కొరత ధర. కోవిడ్ వల్ల ఇళ్లలో ఉన్న జనం పీసీలు కొన్నారు, చిప్పుల సరఫరా అందలేదు, పైగా ఈథర్ అనే క్రిప్టో కరెన్సీని కార్డులతో లెక్కలు చేయించి సంపాదించే మైనింగ్ కోసం కార్డులు గుత్తగా కొనేవాళ్లు ఎగబడ్డారు. 2022 సెప్టెంబరు 15న ఈథర్ నడిచే ఎథీరియం నెట్‌వర్క్ మైనింగ్ అవసరం లేని పద్ధతికి మారింది. దానికి కొన్ని నెలల ముందునుంచే ధరలు జారుతూ వచ్చాయి, ఆ తర్వాత మైనింగ్‌లో వాడిన కార్డులు కుప్పలుగా సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లోకి వచ్చి పడ్డాయి.

రెండో రకానికి 80 సిరీస్ (పేరు చివర 80 ఉండే ఎన్విడియా కార్డులు) చూడండి. 2016లో జీటీఎక్స్ 1080 లాంచ్ ధర 599 డాలర్లు, 2020లో 3080ది 699, 2022లో 4080ది ఏకంగా 1,199, 2025లో 5080ది 999. ఇందులో ఇంకో సంగతి ఉంది. 3080లో వాడింది ఆ తరంలోని అతిపెద్ద గేమింగ్ చిప్పు, 628 చదరపు మిల్లీమీటర్లు. 5080లోది 378. కొత్త తయారీ పద్ధతిలో వేఫర్ (చిప్పులు కోసే సిలికాన్ పలక) ఖరీదు చాలా ఎక్కువ కాబట్టి సైజును సూటిగా పోల్చలేం, ఒప్పుకుంటాను, కానీ 80 అనే పేరు మారకపోయినా లోపలి చిప్పు ఆ తరంలో ఒక మెట్టు దిగిందన్నది వాస్తవం. అందుకే పేరులోని అంకెను చూసి ‘ఒకప్పుడు ఇంతకే వచ్చేది కదా’ అని లెక్కేయకండి, పనితీరు మాత్రమే పోల్చండి. 60 సిరీస్‌ది వేరే కథ: 2016లో 6 జీబీ జీటీఎక్స్ 1060 ధర 249 డాలర్లు, ద్రవ్యోల్బణం కలిపితే ఇవాళ్టి లెక్కలో సుమారు 330. 2025లో ఆర్‌టీఎక్స్ 5060 వచ్చింది 299కి. అంటే ఆ స్థాయిలో ధర పెద్దగా పెరగలేదు, కాకపోతే తొమ్మిదేళ్లలో మెమరీ 6 నుంచి 8 జీబీకే వచ్చింది. అసలు కోత అక్కడ పడింది.

ఇప్పటి సమస్య: మెమరీ, ఏఐ

2022 జనవరితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో ఎన్విడియాకు గేమింగ్ మీద సుమారు 1,246 కోట్ల డాలర్లు వచ్చాయి, డేటా సెంటర్ల మీద 1,061 కోట్లు. మూడేళ్ల తర్వాత, 2025 జనవరితో ముగిసిన ఏడాదికి, గేమింగ్ 1,135 కోట్ల దగ్గరే ఉండిపోయింది, డేటా సెంటర్లు 11,500 కోట్లు దాటాయి. గేమర్లు ఇప్పుడు ఆ కంపెనీకి ముఖ్యమైన కస్టమర్లు కాదు. అదే ఫ్యాక్టరీలో ఒక వేఫర్‌ను ఏఐ చిప్పుగా మలిస్తే వచ్చే లాభం ముందు గేమింగ్ కార్డు మీద వచ్చేది ఏపాటి?

2025 చివరికి దీనికి మెమరీ కొరత తోడైంది. ప్రపంచంలో డీర్యామ్ (కంప్యూటర్ మెమరీ చిప్పులు) దాదాపు మొత్తం శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీలదే. ఏఐ చిప్పులకు వాడే హెచ్‌బీఎం, మన కార్డుల మీదుండే జీడీడీఆర్, పీసీలో వేసే డీడీఆర్, మూడూ డీర్యామ్‌లోని రకాలే. ఒకదానికి ఎక్కువ కేటాయిస్తే మిగతావాటికి తగ్గుతుంది. 2025 డిసెంబరులో మైక్రాన్ సామాన్య వినియోగదారులకు క్రూషియల్ బ్రాండు కింద అమ్మే మెమరీ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది కూడా. కొత్త ఫ్యాక్టరీ కట్టి సరుకు బయటికి తేవాలంటే ఏళ్లు పడుతుంది.

ఏఐ ఊపు తగ్గితే 2022లోలాగే కార్డులు కుప్పలుగా వచ్చి పడతాయని ఆశపడేవాళ్లు ఒకటి గమనించాలి. మైనింగ్ చేసింది మనం ఆడుకునే కార్డులతోనే, అందుకే అవి తిరిగి మన చేతికి వచ్చాయి. డేటా సెంటర్ చిప్పులు అలా రావు. ఎన్విడియా హెచ్100కి మానిటర్ తగిలించే పోర్టే ఉండదు, గ్రాఫిక్స్ పని చెయ్యగల భాగం ఆ చిప్పులో చాలా కొంచెం. ఏఐ గిరాకీ పడిపోతే మనకు కలిసొచ్చేది ఫ్యాక్టరీల్లో ఖాళీ అయ్యే జాగా, మెమరీ ధర దిగడం. అవి మన కార్డు ధరలోకి రావడానికి టైమ్ పడుతుంది.

మరి తగ్గుతాయా? నా అంచనా ఇది: కొరత వల్ల పైన పడిన భాగం తగ్గుతుంది, కానీ 2016 నాటి ధరల పట్టిక మళ్లీ రాదు. హై ఎండ్ కార్డులు ఖరీదుగానే ఉంటాయి. 250 నుంచి 450 డాలర్ల మధ్య పోటీ ఉన్నంతకాలం మామూలు గేమర్‌కు దారి ఉంటుంది, అందుకే ఇంటెల్, ఏఎండీ ఆ స్థాయిలో నిలబడాలని నేను గట్టిగా కోరుకుంటాను.

కొనేముందు: నిజంగా కార్డే అడ్డమా?

ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌లాంటి, కార్డు వాడకం చూపించే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, మీరు ఎక్కువగా ఆడే గేమ్‌లో అరగంట చూడండి. ఫ్రేముల (తెర మీద సెకనుకు వచ్చే బొమ్మల) లిమిట్, వీసింక్ (వాటిని మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్) తీసేసిన తర్వాత కూడా కార్డు వాడకం 60, 70 శాతం దగ్గరే తిరుగుతుంటే అడ్డం ప్రాసెసరే, కొత్త కార్డు పెట్టినా ఫ్రేములు పెరగవు. 97, 98లో ఉంటే కార్డే. వీర్యామ్ (కార్డు మీది మెమరీ) నిండిపోయి ఆట మధ్యలో కుదుపులొస్తుంటే అది ఇంకో జబ్బు, టెక్స్చర్లు ఒక మెట్టు దించితే చాలాసార్లు పోతుంది.

తర్వాత ఉన్న కార్డు నుంచి రాబట్టగలిగినంత రాబట్టండి. దుమ్ము దులపండి, నాలుగేళ్లు దాటిన కార్డయితే థర్మల్ పేస్ట్ మార్పించండి. నీడలు, వాల్యూమెట్రిక్ పొగమంచు, రే ట్రేసింగ్ దించితే ఫ్రేములు బాగా లేస్తాయి, కంటికి తేడా పెద్దగా తెలియదు. డీఎల్ఎస్ఎస్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసి చూపించే ఎన్విడియా పద్ధతి) ఏ ఆర్‌టీఎక్స్ కార్డు మీదైనా నడుస్తుంది, 2018 నాటి 20 సిరీస్ (పేరు 20తో మొదలయ్యేవి) మీద కూడా. ఆర్‌టీఎక్స్ లేకపోతే అలాంటిదే అయిన ఏఎండీ ఎఫ్ఎస్ఆర్ పాత వెర్షన్లు దాదాపు అన్ని కార్డుల మీదా పనిచేస్తాయి. 1440పీలో క్వాలిటీ మోడ్ పెడితే లోపల గీసేది 960పీ మాత్రమే, కార్డు గీయాల్సిన పిక్సెళ్లు సగానికి పైగా తగ్గుతాయి. ఫ్రేమ్ జనరేషన్ (నడుమ నడుమ కల్పిత ఫ్రేములు చేర్చడం) మీద మాత్రం ఆశలు పెట్టుకోకండి. 30 ఫ్రేములతో ఈడుస్తున్న ఆటను అది 60గా చూపిస్తుంది గానీ చేతికి 30లాగే ఉంటుంది. ఇలా ఒక ఏడాది నెట్టుకురాగలిగితే ఆ ఏడాది డబ్బు మిగిలినట్టే.

ఏది కొనాలి

ఇప్పుడు కొత్త కార్డు మీద డబ్బు పెట్టేటప్పుడు నేను మొదట చూసేది వీర్యామ్. 5060 టీఐ ఒకే పేరుతో 8 జీబీ, 16 జీబీగా వచ్చింది, 379, 429 డాలర్లకు. ఏఎండీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ కూడా అంతే, 299, 349. చిప్పు ఒకటే, లాంచ్ ధరల్లో తేడా 50 డాలర్లు. ఆ 50 దగ్గర కక్కుర్తి పడొద్దు. చిప్పుకు సత్తా ఉండి కూడా మెమరీ చాలక సెట్టింగ్స్ దించుకోవాల్సి రావడం చాలా చిరాకు పెడుతుంది. పైగా 5060 టీఐ మదర్‌బోర్డుతో మాట్లాడే పీసీఐఈ దారిలో వాడేది 8 లేన్లే కాబట్టి, పీసీఐఈ 3.0 ఉన్న పాత మదర్‌బోర్డులో 8 జీబీ రకం మెమరీ నిండగానే మరీ కుంటుతుంది. 2024 డిసెంబరులో 249 డాలర్లకు వచ్చిన ఇంటెల్ ఆర్క్ బీ580లో 12 జీబీ ఉంది, ఆ ధరకు మంచి కార్డు, కానీ రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునే సదుపాయం) లేని పాత పీసీలో దాని జోలికి వెళ్లకండి.

ధర తేల్చడానికి ఒక చిన్న లెక్క. మీరు ఆడే రిజల్యూషన్‌లో పది పన్నెండు గేముల సగటు ఫ్రేములు చూసి, ధరను దానితో భాగించండి. ఉదాహరణకు 300 డాలర్ల కార్డు 60 ఫ్రేములిస్తే ఫ్రేముకు 5 డాలర్లు, 430 డాలర్లది 80 ఇస్తే దాదాపు 5.4. మొదటిదే చౌక అనిపిస్తుంది. ఇప్పుడు ఏళ్లతో భాగించండి. మొదటిది మెమరీ చాలక రెండేళ్లకే మార్చాల్సి వస్తే ఏడాదికి 150, రెండోది నాలుగేళ్లు నిలిస్తే 108 లోపే. నా మటుకు రెండో లెక్కే అసలు లెక్క.

ఎప్పుడు కొనాలి

లాంచైన మొదటి నెలల్లో లాంచ్ ధర కంటే ఎక్కువ పెట్టి కొనకండి. 2025 ప్రారంభంలో 50 సిరీస్ వచ్చినప్పుడు అందరూ టెన్షన్ పడి ఎగబడ్డారు, కొన్ని నెలలకే 5070 లాంటివి 549 లాంచ్ ధరకు దొరికాయి. తరం మధ్యలో వచ్చే సూపర్ రకాల మీద ఓ కన్నేసి ఉంచండి, 1,199 డాలర్ల 4080 స్థానంలో 2024 జనవరిలో 4080 సూపర్ 999కే వచ్చింది. ‘కొత్తది రాగానే పాతది చౌకగా వస్తుంది’ అన్న మాట మాత్రం అన్నిసార్లూ నిజం కాదు. తయారీ ముందే ఆపేస్తే పాత సరుకు మిగలదు, 2024 చివర్లో 4090 ధర తగ్గకపోగా పెరిగింది. మెమరీ ఖరీదు పైకి పోతున్న రోజుల్లోనైతే, మీకు కావలసిన 16 జీబీ కార్డు లాంచ్ ధరకు కనిపిస్తే ఆగకుండా తీసుకోండి.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు కార్డు నడుస్తుండగా చూడకుండా డబ్బు ఇవ్వకండి. మొదట జీపీయూ-జెడ్ (కార్డు వివరాలు చూపే సాఫ్ట్‌వేర్) తెరిచి చిప్పు పేరు, మెమరీ సరిచూడండి, పాత చిప్పుకు కొత్త పేరు అంటించిన నకిలీలను అది చాలావరకు పట్టేస్తుంది. తర్వాత ఇరవై నిమిషాలు బరువైన గేమ్ ఏదైనా నడపండి, తెర మీద రంగు చుక్కలు, ఫ్యాన్ గరగర, నల్ల తెర ఏవైనా వస్తే వదిలేయండి. 3080, 3090 లాంటి వాటిలో హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్‌తో మెమరీ ఉష్ణోగ్రత చూడండి, 105 డిగ్రీలు దాటుతుంటే థర్మల్ ప్యాడ్లు (వేడిని బయటికి పంపే మెత్తలు) అయిపోయినట్టే, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. నేను ఒకసారి ఈ చూపు చూడకుండా కొని, వారం తిరక్కుండానే ప్యాడ్లు మార్పించాల్సి వచ్చింది. మైనింగ్ చేసిందని తెలిసిన కార్డునల్లా తోసిపుచ్చాల్సిన పనిలేదు, పరీక్షలో నిలబడి ధర బాగుంటే తీసుకోవచ్చు.

పవర్ సప్లై లెక్క కూడా ముందే వేసుకోండి. 5060 తినేది 145 వాట్లే, 5070 టీఐ 300 తింటుంది, దానికి ఎన్విడియా 750 వాట్ల సప్లై సూచిస్తుంది. సప్లై కూడా మార్చాల్సి వస్తే ఆ ఖర్చు కార్డు ధరలోనే కలిపి చూసుకోవాలి. 40, 50 సిరీస్ పెద్ద కార్డుల్లో ఉండే 16 పిన్నుల పవర్ కనెక్టరు చివరిదాకా దిగిందో లేదో కళ్లతో చూసి మరీ ఆన్ చెయ్యండి, సగం దిగిన కనెక్టర్లు కరిగిన సందర్భాలు 4090తో చాలా బయటపడ్డాయి. ఇంటికి తెచ్చిన కార్డును, కొత్తదైనా సరే, వాపసు గడువు ముగిసేలోపే మీరు ఆడే గేముల్లో బాగా నలగ్గొట్టి చూడండి. అప్పటిదాకా డబ్బా, బిల్లు పారేయకండి.