దోస్త్ ఆప్షన్లు పెట్టకముందే పని చూసి రండి: పాలమూరు, నల్లగొండ విద్యార్థులకు

ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు మార్చిలో అయిపోతాయి. డిగ్రీ సీట్లను ఆన్‌లైన్‌లో ఇచ్చే దోస్త్ రిజిస్ట్రేషన్లు మొదలయ్యేది మే చుట్టుపక్కల. ఈ మధ్య వారాల్లో పిల్లలు, తల్లిదండ్రులు కనబడ్డవాళ్లనల్లా అడిగేది ఒకటే, ఏ కోర్సు తీసుకుంటే మంచిదని. చెప్పేవాళ్లలో ఎక్కువమంది ఆ పని చేసినవాళ్లు కారు. ఆ వారాల్లో ఒక పది రోజులు, రోజుకు మూడు గంటల చొప్పున, పని జరిగే చోట ఉండి రావడం ఎట్లాగో ఇక్కడ చెబుతున్నాం. ఈఏపీసెట్ (ఇంజనీరింగ్, అగ్రికల్చర్, ఫార్మసీ ప్రవేశ పరీక్ష) రాసేవాళ్లకు ఏప్రిల్ కుదరదు. వాళ్లు పరీక్ష అయ్యాక కౌన్సెలింగ్ మొదలయ్యేదాకా దొరికే రోజులను వాడుకోవాలి.

ముందు ఒక ప్రశ్న రాసుకోండి. "మెడికల్ లైన్ నాకు సెట్ అవుతుందా" అంటే జవాబు దొరకదు. "గంటల తరబడి నిలబడి, రోగుల చిరాకు భరిస్తూ, ఒకే పని మళ్లీ మళ్లీ చేయగలనా" అని రాసుకుంటే మూడో నాలుగో రోజుకే తెలిసిపోతుంది. బీకాం అనుకునేవాళ్ల ప్రశ్న ఇంకోటి: లెక్క వంద రూపాయలు తేడా వస్తే అది దొరికేదాకా వెతకబుద్ధి అవుతుందా, ఒళ్లు మండుతుందా?

చోటు కోసం హైదరాబాద్ దాకా పోనక్కర లేదు. యాసంగి వడ్లు కోతకొచ్చేది సరిగ్గా ఈ సెలవుల్లోనే. మిర్యాలగూడ, నకిరేకల్, సూర్యాపేట వైపు ఐకేపీ (మహిళా సంఘాల), సహకార సొసైటీ వడ్ల కొనుగోలు కేంద్రాలు ఊరూరా తెరుస్తారు. బీకాం, అగ్రికల్చర్, మేనేజ్‌మెంట్ ఈ మూడింట్లో ఏది అనుకుంటున్నా ఇంత మంచి చోటు ఇంకోటి లేదని మా అభిప్రాయం. వడ్లలో తేమ 17 శాతం దాటితే మళ్లీ ఆరబోయాలి. తాలు పోగొట్టాలి, 40 కిలోల లెక్కన సంచులకెత్తి తూకం వేయాలి, రైతు ఆధార్, పాసుబుక్, బ్యాంకు ఖాతా వివరాలు ట్యాబ్‌లో ఎక్కించాలి. లారీ మిల్లుకు పోయాక తూకంలో తేడా అంటే మళ్లీ పంచాయితీ. ఖాతా నంబరులో ఒక్క అంకె తప్పినా రైతుకు డబ్బులు ఆగిపోతాయి. సెంటర్ నడిపే మహిళా సంఘం అక్కలను, ఆ సంఘాలను చూసే మండల అధికారి ఏపీఎం సార్‌ను అడిగి, పాసుబుక్ చదివి చెప్పడం, ఎక్కించింది సరిచూడడం మీ పనిగా పెట్టుకోండి. లాగిన్ మాత్రం మీ చేతిలోకి తీసుకోవద్దు. తప్పు జరిగితే ఎవరు చేశారో తేలదు.

బైపీసీ వాళ్లు, ముఖ్యంగా అగ్రికల్చర్ బీఎస్సీ మీద మనసున్నవాళ్లు, రైతులకు సాగు సలహాలు, శిక్షణ ఇచ్చే కృషి విజ్ఞాన కేంద్రాలకు పోవాలి. పాలెం, మదనాపురం, కంపాసాగర్, గడ్డిపల్లిలో ఉన్నాయి. పొలాలు ఖాళీగా ఉండే ఎండాకాలమే మట్టి నమూనాలు తీసే కాలం. ఒకే పొలంలో ఎన్ని చోట్ల తవ్వి, కలిపి, చివరికి అరకిలో మట్టి ఎట్లా మిగుల్చుతారో ఎండలో నిలబడి చూస్తే అగ్రికల్చర్ చదువు ఎంతవరకు నీడపట్టున సాగుతుందో అర్థమవుతుంది.

డిజైన్, టెక్స్‌టైల్స్ అంటారా, చేనేతకు పేరున్న పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట ఉండనే ఉన్నాయి. పోచంపల్లి పనిలో డిజైన్ మగ్గం మీద కాదు, అంతకుముందే నూలు మీద పుడుతుంది. గ్రాఫ్ కాగితం మీద గీత, నూలుకు చిటికి కట్టడం (రంగు అంటకూడని చోట గట్టిగా ముడి వేయడం), రంగుల్లో ముంచడం అయ్యాకే నేత. మగ్గం ఒక్కటే చూసి వస్తే సగం పని చూడనట్టే. మెకానికల్ ఇష్టమున్నవాళ్లు ఆసుయంత్రం (నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పే ఆసు పనిని చేసే యంత్రం) నడిచే ఇంట్లో ఒక పూట కూర్చోండి. ఆలేరు వైపు చింతకింది మల్లేశం దాన్ని తయారుచేసింది ఆసు పోసీ పోసీ తల్లి చేతులు పడ్డ నొప్పి చూసే. 2017లో పద్మశ్రీ వచ్చింది.

జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి)లోని ఫార్మా కంపెనీల్లోకి ఇంటర్ పిల్లలను పంపించాలని చూడకండి, గేటు దాటనివ్వరు. అక్కడ షిఫ్టులు చేసే కెమిస్ట్‌ను సెలవు రోజున ఒక గంట అడగడమే మేలు: నెలలో నైట్ షిఫ్టులు ఎన్ని, క్యూసీలో (మందుల నాణ్యత పరీక్షించే విభాగంలో) పొద్దంతా ఏం చేస్తారు, కొత్తగా చేరినవాళ్లకు ఎంత ఇస్తారు. ("మీకెంత వస్తుంది" అని మాత్రం అడగొద్దు.) ప్రభుత్వ ఆసుపత్రిలోనైతే సూపరింటెండెంట్ అనుమతితో హెల్ప్ డెస్క్, ఓపీ క్యూ వరకే. అమ్రాబాద్ అడవి వైపు పోవాలనుకునేవాళ్లు అటవీ శాఖ అనుమతి కాగితం లేకుండా కదలొద్దు.

అడిగే పద్ధతిలోనే సగం పని ఉంది. ఒక్క పేజీ ఉత్తరం, తెలుగులోనే రాయండి. పేరు, కాలేజీ, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, రోజుకు ఎన్ని గంటలు, మీరు చేయగలిగింది, చూడాలనుకునేది, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు. "ఏదైనా పని ఇప్పించండి సార్" అంటే ఆలోచించే భారం ఆయన మీద పడుతుంది, ఆయన "చూద్దాం" అంటాడు, అక్కడితో సరి. "పది రోజులు, పొద్దున 10 నుంచి 1 దాకా, మీ రిజిస్టర్ ఎక్సెల్‌లో ఎక్కిస్తాను" అంటే అవునో కాదో అప్పుడే చెబుతాడు. ప్రభుత్వ ఆఫీసులకు సోమవారం పోవద్దు, జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి హడావుడిలో మిమ్మల్ని పలకరించే తీరిక ఎవరికీ ఉండదు. ఆడిటర్ దగ్గరికైతే నెల మొదటి వారంలో పోయి అడగండి. చూడాల్సింది మాత్రం 18 నుంచి 20 దాకా. 20వ తేదీ జీఎస్టీ రిటర్నుల గడువు ముంచుకొచ్చినప్పుడే ఆ వృత్తి అసలు ముఖం బయటపడుతుంది.

చేరాక తరచూ వచ్చే చిక్కు జిరాక్సులు, చాయ్‌లకే పరిమితం కావడం. ఎదుటివాళ్లు చెడ్డవాళ్లని కాదు, మీకేం చెప్పాలో వాళ్లకు తోచదు. రెండో రోజే, పది రోజుల్లో పూర్తయ్యే ఒక చిన్న పని అడిగి తీసుకోండి. రోజూ రాత్రి నాలుగు వరుసలు రాయండి: వాళ్లు ఎక్కువసేపు చేసిందేంటి, మీకు టైం తెలియకుండా గడిచిందెప్పుడు, గడియారం చూసిందెప్పుడు. మొదటి రెండు రోజుల విసుగును లెక్కలోకి తీసుకోవద్దు, అది కొత్త వల్ల. ఎనిమిదో రోజు కూడా అదే విసుగుంటే నమ్మండి. ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది: మంచి సార్ దొరికితే పని కూడా మంచిగనే అనిపిస్తుంది. అందుకే అదే పనిని రెండో చోట రెండు రోజులైనా చూడాలి.

ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్ ఇస్తామని రిజిస్ట్రేషన్ ఫీజో, సర్టిఫికెట్ డబ్బులో అడిగితే అక్కడే ఆపేయండి. డబ్బులు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబర్ నుంచి ప్రయాణం ఉచితం, ఆధార్ చూపిస్తే చాలు. ఖర్చు భయం పోయింది కాబట్టి చూసుకోవాల్సింది వేళ. చివరి బస్సు ఎప్పుడో కనుక్కున్నాకే గంటలు ఒప్పుకోండి, ఒక్కరే ఉండే ఆఫీసుకు ఒంటరిగా పోవద్దు.

డిగ్రీలో చేరాక దారులు ఇంకా ఉన్నాయి. ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం)లో ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లకు 240 గంటలు, మధ్యలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. శిబిరంలో సర్వే చేసే బృందంలో పేరు రాయించుకుంటే సోషల్ వర్క్, ఎకనామిక్స్ చదువులు ఎటు తీసుకెళ్తాయో తెలుస్తుంది. చెత్త ఊడ్చి ఫొటో దిగితే ఏమీ తెలియదు. లా చదివేవాళ్లకు ఐదేళ్ల కోర్సులో 20 వారాలు, మూడేళ్ల దాంట్లో 12 వారాల ఇంటర్న్‌షిప్ ఎట్లాగూ తప్పనిసరి. బీఫార్మసీలో 150 గంటల శిక్షణ ఉంటుంది. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం 2024లో మొదలైనప్పుడు రెగ్యులర్ కాలేజీకి పోయేవాళ్లకు లేదు, ఇప్పటి నిబంధన కనుక్కున్నాకే దాని గురించి ఆలోచించండి.

చివరి రోజు తేదీలు, మొత్తం గంటలు, చేసిన పని రాయించి ముద్ర వేయించుకోండి. "బాగా చేశాడు" అన్న మాటకంటే "212 మంది రైతుల వివరాలు సరిచూశాడు" లాంటి వాక్యమే తర్వాత అక్కరకొస్తుంది. ఇక దోస్త్ ముందు కూర్చున్నప్పుడు మీ నోట్‌బుక్ పక్కన పెట్టుకోండి. సీటు మీరు పెట్టిన వరుసలోనే చూస్తారు, కాబట్టి ఎనిమిదో రోజు కూడా గడియారం చూసిన కోర్సును, ఎంత పేరున్న కాలేజీలో ఉన్నా, పై వరుసల్లో పెట్టకండి.