వాగు పొంగే ఊళ్లకు ప్రథమ చికిత్స పెట్టె

మహారాష్ట్రలోని సిరొంచ తాలూకాలోనైనా, ఒడిశాలోని రాయగడ, మల్కన్‌గిరి కొండ ఊళ్లలోనైనా వాగు పొంగితే దారి ఉండదు. షాపులో దొరికే రెడీమేడ్ కిట్‌లో చిన్న ప్లాస్టర్లే ఎక్కువ. మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బా కొని మీరే నింపుకోండి.

గొడ్డలి, కొడవలి గాయాలకు 10 సెం.మీ. రోలర్ బ్యాండేజీలు ఆరు, స్టెరైల్ గాజ్ గుడ్డ ప్యాకెట్లు పది, 15 సెం.మీ. క్రేప్ బ్యాండేజీలు రెండు, గ్లౌజులు, కత్తెర కావాలి. రక్తం కారుతుంటే గుడ్డ పెట్టి అరచేత్తో పది నిమిషాలు గట్టిగా అదమండి. మధ్యలో ఎత్తి చూస్తే గడ్డకట్టింది ఊడి మళ్ళీ కారుతుంది. తడిస్తే పైన ఇంకో గుడ్డ వేయండి. పసుపు, కాఫీ పొడి అద్దొద్దు.

విరేచనాలకు ఓఆర్ఎస్ (నీళ్లలో కలిపి తాగే ఉప్పు, చక్కెర పొడి) పెద్ద ప్యాకెట్లు పది, లీటరు సీసా ఒకటి. ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసులో అందాజుగా కలిపితే ఉప్పు ఎక్కువై పసిపిల్లలకు ప్రమాదం.

జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. డెంగీ అయితే ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ రక్తస్రావం పెంచుతాయి. మాత్రకు ఒళ్లు చల్లబడినా మలేరియా పోయినట్టు కాదు. అదే రోజు ఆశా కార్యకర్త దగ్గర రక్త పరీక్ష చేయించండి.

పాము కాటుకు మాత్రం డబ్బాలో మందు ఉండదు. విరుగుడు ఇంజెక్షన్ వికటించవచ్చు కాబట్టి ఆస్పత్రిలోనే ఇవ్వాలి. కోయడం, పీల్చడం, తాడుతో బిగించడం వద్దు. రక్తపింజరి కాటుకు కాలు ఉబ్బుతుంది, అందుకే కడియాలు, మెట్టెలు వెంటనే తీయండి. కరిచిన కాలు కదలకుండా వెదురు బద్దలు పెట్టి వదులుగా కట్టండి. నడిపించకుండా మంచం మీద మోయండి. పామును వెతుకుతూ పొద్దు పోగొట్టుకోవద్దు.

కట్లపాము నేల మీద నిద్రపోయేవాళ్లను రాత్రి కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు కనిపించకపోవచ్చు. తెల్లవారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే అనుమానించాల్సింది దాన్నే. ఊపిరి ఆగినా గుండె కాసేపు కొట్టుకుంటుంది. నోటితో ఆరు సెకన్లకొకసారి ఊపిరి ఊదుతూ తీసుకెళ్తే మనిషి బతకొచ్చు. ప్రతి ఇంట్లో ఇద్దరైనా ఆరోగ్య కేంద్రంలో ఇది నేర్చుకోవాలి.

108కు చేస్తే ముందు రాష్ట్రం, తాలూకా పేరు చెప్పండి. వాగు దాటలేకపోతే అంబులెన్స్‌ను అవతలి గట్టు మీద ఎక్కడ ఆపాలో వానలకు ముందే ఊరంతా ఖాయం చేసుకోవాలి.